రెండు కరక్‌ల లెక్క

మెసైమీర్ అనగానే దోహాలో ఉండే మనవాళ్లలో చాలామందికి శుక్రవారం ట్రాఫిక్ గుర్తొస్తుంది. 2008లో ఇక్కడ చర్చిల ఆవరణ తెరిచినప్పటి నుంచీ శుక్రవారం పొద్దున ఆ రోడ్ల మీద కారు కదలడం కష్టం. మేముండే విల్లా దానికి కాస్త ఎడంగా ఉంటుంది. విల్లా అంటే ఏదేదో ఊహించుకోకండి. ఆరు గదులు, గదికి నలుగురం, అందరికీ కలిపి ఒక వంటిల్లు, అందులో వరసగా పొయ్యిలు. పొద్దున అయిదింటికి ఆ వంటింట్లోకి వెళితే ఒక పొయ్యి మీద మన టీ, ఒక దాని మీద నేపాలీల టీ, ఇంకో దాని మీద కేరళవాళ్ల టీ మరుగుతుంటాయి. ఎవరి గిన్నె వాళ్లదే. ఎవరి చక్కెర డబ్బా మీద వాళ్ల గుర్తు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2006లో, ఏషియన్ గేమ్స్ పనుల హడావుడి నడుస్తున్నప్పుడు టైమ్‌కీపర్‌గా వచ్చాను. ఇంగ్లీషు కాగితాలు చదవగలనని తెలిశాక డాక్యుమెంట్ కంట్రోలర్‌ని చేశారు. డ్రాయింగులకు నంబర్లు వేసి, ఏ కాగితం ఎవరికి పోయిందో పుస్తకంలో ఎక్కించుకునే పని. సైటు ఆఫీసు విల్లా నుంచి పది నిమిషాల నడక. ఆ ఆఫీసులోకి 2013లో ఒక ఇంగ్లీషాయన వచ్చాడు. క్వాంటిటీ సర్వేయరు, లీడ్స్ దగ్గరివాడు, యాభై దాటిన మనిషి. ఆయన లేనప్పుడు మేం ఆయన్ని ‘దొర’ అనేవాళ్లం.

వచ్చిన మొదటి వారంలోనే దొర మమ్మల్ని ఇబ్బందిలో పెట్టాడు. పదిన్నరకు కుర్చీలోంచి లేచి, గదిలో ఉన్న ఏడుగురినీ ఒక్కొక్కరినే టీ కావాలా అని అడిగాడు. పాలెన్ని, చక్కెరెంత అని అడిగి చీటీ మీద రాసుకున్నాడు కూడా. మా ఆఫీసులో టీ ఇవ్వడానికి ఒక నేపాలీ పిల్లగాడు ఉండేవాడు. దొర అతన్నీ అడిగాడు. ఆ పిల్లగాడికి ముఖం పాలిపోయింది, తన పని పోతుందేమోనని. నేను మాత్రం మొహమాటానికి వద్దన్నాను. అంతకుముందు ఏడేళ్లలో నాకన్నా పెద్ద జీతగాడు నా బల్ల మీద టీ కప్పు పెట్టడం నేను చూడలేదు.

తర్వాత తెలిసింది, అది వాళ్ల దేశంలో మామూలు సంగతేనట. ఆఫీసులో ఎవరికి టీ తాగాలనిపిస్తే వాళ్లు లేచి అందరికీ పెట్టాలి. మరోసారి ఇంకొకరు. తన వంతు వచ్చినా లేవనివాడి గురించి వెనక మాట్లాడుకుంటారట. అదంతా విని మా గదిలోని మామ, “అరే, ఇది చీటీ లెక్కనే ఉన్నది గద. అందరు ఏస్తరు, ఒక్కొక్కలు ఎత్తుతరు” అన్నాడు. దొరకు చీటీ అంటే ఏమిటో వివరించడానికి నాకు వారం పట్టింది. వేలంపాట, తోపు సంగతి వచ్చేసరికి ఆయన కాగితం, పెన్ను తీసుకున్నాడు.

ఆయన టీ మాత్రం నాకు ఎక్కలేదు. పెద్ద మగ్గులో టీ బ్యాగు వేసి సలసల కాగిన నీళ్లు పోస్తాడు. గడియారం చూస్తూ నాలుగు నిమిషాలు ఆగుతాడు. తర్వాత ఫ్రిజ్జులోంచి చల్లటి పాలు తీసి పోస్తాడు. పాలు కాచడు! మన ఇళ్లలో అలా ఇస్తే చుట్టాలు మళ్లీ రారు. దాంట్లో బిస్కెట్టు ముంచుకు తినడం ఒక్కటే మనకూ ఆయనకూ కలిసిన విషయం. బయట రోడ్డు పక్కన కరక్ దొరుకుతుంది కదా అంటే, “అది పాయసం” అనేవాడు. కరక్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, పొడి, పాలు, చక్కెర, యాలకులు కలిపి చిక్కగా మరిగించిన టీ. అప్పట్లో చిన్న కప్పు ఒక రియాలు. కారు ఆపి హారన్ కొడితే తెచ్చిచ్చేవారు. నేను రోజుకు నాలుగైదు తాగేవాణ్ని. నేనొక్కణ్నే ఎక్కడ తాగుతాను, పక్కన ఇద్దరుంటే ఇద్దరికీ చెప్పాల్సిందే.

2016లో మామ ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన కథ చెప్పకపోతే ఇదంతా ఎందుకు రాస్తున్నానో మీకు అర్థం కాదు.

మామ ఈ కంపెనీలో పదకొండేళ్లు చేశాడు. అంతకుముందు వేరే కంపెనీలో ఏడేళ్లు. ఇక్కడ మనలాంటి విదేశీయులకు పింఛను ఉండదు. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పని మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలి, ఏడాదికి కనీసం మూడు వారాల జీతం చొప్పున. అయితే అది మూల జీతం మీద. తిండి అలవెన్సు, ఓవర్‌టైము, మిగతావేవీ ఆ లెక్కలోకి రావు. మామ చేతికి నెలకు పదిహేడు, పద్దెనిమిది వందలు వచ్చేవి గాని కాగితం మీద మూల జీతం తొమ్మిది వందలే. మూడు వారాలకు ఆరు వందల ముప్పై. పదకొండేళ్లకు ఆరువేల తొమ్మిది వందల ముప్పై రియాళ్లు. అప్పటి రేటుకు లక్షా పాతికవేల పైచిలుకు. మొదటి కంపెనీ ఇచ్చింది ఎప్పుడో పెద్దబిడ్డ పెళ్లిలో కలిసిపోయింది.

ఆ సెటిల్‌మెంటు కాగితం టైపు చేసింది నేనే. మామ సంతకం పెట్టి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఇంకేమైనా ఉందేమోనని.

ఆయనేం తాగుబోతు కాదు, పేకాట లేదు. ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేశాడు, రెండంతస్తుల ఇల్లు కట్టాడు, తమ్ముణ్ని దుబాయి పంపాడు. వెళ్లిన ఏడాదికి ఫోన్ చేసి, “రైస్ మిల్లుల రాత్రి కాపలకు పోతున్న” అని చెప్పాడు. రెండంతస్తుల ఇంటి యజమాని.

మామ వెళ్లిన నెలలోనే అనుకుంటాను, మధ్యాహ్నం మూడున్నర టీ దగ్గర దొర ఒక ఉత్తరం విప్పి చదువుకుంటున్నాడు. ఏమిటని అడిగితే తన పింఛను లెక్క అన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి వాళ్ల దేశంలో కొత్త పద్ధతి వచ్చిందట. ముప్పై అయిదేళ్లు జీతంలోంచి కోత పడి ఉంటే పూర్తి పింఛను. అప్పట్లో వారానికి నూటయాభై అయిదు పౌండ్ల చిల్లర. కనీసం పదేళ్లయినా లేకపోతే ఏమీ రాదు. మరి మీరు ఖతర్లో ఉన్నారు కదా, ఈ ఏళ్లు పోయినట్టేనా అన్నాను. లేదు, ఇక్కడి నుంచే కడుతున్నానన్నాడు. బయట దేశాల్లో పనిచేసేవాళ్లు స్వచ్ఛందంగా కట్టుకునే వీలుందట. ఎంత కట్టాలని అడిగాను. వారానికి మూడు పౌండ్ల లోపే.

నేను వెంటనే లెక్క కట్టాను, టైమ్‌కీపర్ బుద్ధి ఎక్కడికి పోతుంది! మూడు పౌండ్లంటే పద్నాలుగు రియాళ్లు. రోజుకు రెండు కరక్‌లు. రెండు కరక్‌ల డబ్బుతో దొర తన ముసలితనంలో ఒక్కో ఏడాదిని కొనుక్కుంటున్నాడు. నేను రోజుకు అయిదు తాగుతున్నాను. కానీ నేను కరక్ మానేసి ఆ డబ్బు పట్టుకుని తిరిగినా, తీసుకుని రసీదు ఇచ్చే కిటికీ నాకు లేదు. టీ మానుకుంటే లక్షాధికారులవుతారని పత్రికల్లో రాసేవాళ్ల మీద నాకు అప్పటి నుంచే కోపం.

“మీ సంగతేమిటి? అరవై వచ్చాక?” అని దొర అడిగాడు.

“నాకు కొడుకున్నాడు” అన్నాను.

ఆయన నవ్వలేదు. టీ బ్యాగు చెంచాతో పిండి తీసి పక్కన పెట్టి, “ఆ సంగతి అబ్బాయికి తెలుసా?” అన్నాడు.

మావాడికి అప్పుడు పదకొండేళ్లు.

ఆ సాయంత్రం కరక్ దగ్గర ఆ దుకాణం ఇక్కాతో ఇదంతా చెప్పాను. మలప్పురం మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఆయన కౌంటరు కిందినుంచి ఒక కార్డు తీసి చూపించాడు. కేరళలో ప్రవాసుల సంక్షేమానికి 2008లోనే చట్టం చేశారు. బోర్డు పెట్టారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు నెల నెలా కొంత కడుతూ పోతే, కనీసం అయిదేళ్లు కట్టి అరవై దాటితే పింఛను. నాకు టీ అమ్మేవాడికి పింఛను ఏర్పాటుంది, తాగే నాకు లేదు! కేంద్రం వాళ్లు కూడా 2012లో మాలాంటి పాస్‌పోర్టుల వాళ్ల కోసం మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని ఒకటి తెచ్చారు. మనం కట్టేదానికి సర్కారు కొంత కలుపుతుంది. మా గదిలో ఒక్కరూ చేరలేదు. 2017లో దాన్ని ఎత్తేశారు.

ఇంకో విచిత్రం మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆమెకు పీఎఫ్ ఉంది. ఆసరా పింఛనూ వస్తుంది, 2019 నుంచి నెలకు రెండువేల పదహారు రూపాయలు. తునికాకు ముందర కూర్చుని ఇల్లు కదలని మనిషికి ముసలితనానికి ఓ ఆధారముంది, సముద్రం దాటిన కొడుక్కి లేదు.

నెల తిరగ్గానే బ్యాంకుకు వెళ్లి, జీతం పడిన మర్నాడే మూడు వందల రియాళ్లు నా ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి వెళ్లి, అక్కడ రికరింగ్ డిపాజిట్‌లో పడేలా ఏర్పాటు చేసుకున్నాను. పెద్ద తెలివేమీ కాదు. చేతికి వచ్చాక దాచుకోవడం నా వల్ల కాదని తెలుసు గనక, చేతికి రాకముందే పోయేట్టు చేశాను. అయితే ఇంట్లో చెప్పలేదు. చెబితే ఖర్చు వచ్చిపడుతుందని భయం. నా భార్య మూడు నెలలు ఊరుకుంది. నాలుగో నెల ఫోన్‌లో, “నెల నెలా అయిదారు వేలు తక్కువొస్తున్నయి. అక్కడ ఇంకెవలకన్న పంపుతున్నవా?” అంది.

ఆ మాటలో ఏముందో పెళ్లయి దూరంగా ఉన్నవాళ్లకు వివరించనక్కర్లేదు. పదేళ్లలో ఆమె నన్ను అడిగిన కష్టమైన ప్రశ్న అదొక్కటే. గదిలో ముగ్గురుండగా మాట్లాడలేక మేడ మీదికి వెళ్లాను. ఆగస్టు నెల, రాత్రి పదింటికి కూడా గచ్చు కాలుతోంది. మామ కాగితం దగ్గర్నుంచి దొర ఉత్తరం దాకా అన్నీ చెప్పాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. కార్డు అయిపోయిందేమో అనుకున్నాను.

“గీ ముచ్చట చెప్తే నేనొద్దంటనా? సంఘంల నేను నెల నెలా పొదుపు కడుతలేనా?” అంది చివరికి. మహిళా సంఘంలో ఆమె పొదుపు నేను వచ్చినప్పటి నుంచీ నడుస్తూనే ఉందట. నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు కూడా.

అన్నీ సక్రమంగా సాగాయని చెప్పను. 2021లో అమ్మ ఆసుపత్రిపాలైనప్పుడు డిపాజిట్ ఒకటి మధ్యలో విరగ్గొట్టాను. రెండు లక్షలు పోయాయి. పోయాయనడం తప్పు, దానికోసమే కదా ఉన్నాయి. కాని అవి నా అరవయ్యో ఏడువి. ఇప్పుడు అటూ ఇటూ కలిపి ఏడు లక్షలు దాటి ఉంటుంది. గ్రాట్యుటీ లెక్క కూడా వేసి పెట్టుకున్నాను, మూల జీతం పన్నెండు వందలు, ఏడాదికి ఎనిమిది వందల నలభై. రియాలు విలువ నేను వచ్చినప్పుడు పన్నెండు రూపాయల చిల్లర, ఇప్పుడు ఇరవై మూడు దాటింది. సంతోషించాల్సిన విషయంలా కనిపిస్తుంది గాని ఊళ్లో గుంట భూమి ధర అడిగితే ఆ సంతోషం ఆవిరైపోతుంది.

దొర 2018లో వెళ్లిపోయాడు. పోయే రోజు పదిన్నరకు అందరికీ టీ పెట్టి, సగం వాడిన టీ బ్యాగుల పెట్టె నా బల్ల మీద వదిలేశాడు. ఆ బ్యాగులు రెండు చింపి, ఆ పొడితో పాలల్లో టీ మరిగించాను. బాగానే వచ్చింది. ఆయనకు చెప్పలేదు.

ఆయన దగ్గర్నుంచి ఒక అలవాటు మాత్రం అంటుకుంది. శుక్రవారం పొద్దున గదిలో నలుగురికీ నేనే టీ పెడతాను, ఎవరికెంత చక్కెరో అడిగి. మొన్న నాలుగో మంచంలోకి నిర్మల్ నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు. మొదటి జీతం చేతిలో పట్టుకుని, డబ్బు పంపే చోటికి తోడు రమ్మన్నాడు. ఎంత పంపుతున్నావంటే మొత్తమన్నాడు.

“నీ పేరు మీద ఎంత పెట్టుకుంటున్నవ్?” అని అడిగాను.

నవ్వాడు. “నా పేరు మీద అప్పే ఉన్నదన్నా. లక్షా ఇరవై వేలు. రెండు రూపాయల మిత్తి.”

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు. దాన్ని అలాగే ఉంచి, ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో దాచుకోమని చెప్పడం పిచ్చితనం. ముందు అది తీర్చమన్నాను. ఇద్దరం కూర్చుని లెక్క వేస్తే వచ్చే ఫిబ్రవరికి తీరుతుందని తేలింది. మార్చిలో బ్యాంకుకు తీసుకుపోతానని, ఆ నెల నుంచి నన్ను తప్పించుకు తిరగొద్దని చెప్పాను.

“సరే గాని అన్నా, ఈ టీల తీపే లేదు” అని ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. అది మూడోది.