అట్టమీద ద్రాక్షతోట

మా ఇంటా వంటా వైను లేదు. అయినా ఆదివారం భోజనాలయ్యాక సావిట్లో చాప పరిచి, ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో నలుగురం నాలుగు ద్రాక్షతోటలు సాగుచేస్తాం! ఆట పేరు ‘విటికల్చర్’. 2013లో అమెరికాలో వెలువడింది. మేం ఆడేది 2015 నాటి కూర్పు. పాచికలు లేవు, పందెం అంతకన్నా లేదు. ఎవరికైనా 20 పాయింట్లు వచ్చిన ఏడాదితో ఆట సరి. అప్పటికి ఎక్కువ ఎవరికుంటే వారిదే గెలుపు.

చేతిలో నాలుగు లీరాలు పడగానే గాలిమర కడదామా, విడిదిల్లు కడదామా అని కొత్తవారు ఉబలాటపడతారు. మా అత్తగారు అలా కాదు. మొదటి శీతాకాలం రాగానే, "ముందు ఆర్డరు ముక్క తియ్యవే, ఏం అడిగారో చూద్దాం" అంటారు. ఎర్రవైను ఎంత కావాలో, తెల్లవైను ఎంత కావాలో దానిమీద ఉంటుంది. దాన్నిబట్టి తీగ, తీగనుబట్టి పందిరో, నీటివసతో. చుట్టాలెందరో తెలియకుండా ఎసరు పెట్టని మనిషి కదా!

రెండో సంగతి పనివాళ్ళు. మొదట ఉండేది ముగ్గురే. వేసవిలో పనిచేసినవాడు ఆ ఏడు శీతాకాలంలో మళ్ళీ లేవడు. నాటడం, కట్టడం వేసవి పనులు. కోత, వైను తయారీ, ఆర్డరు చెల్లింపు శీతాకాలానివి. ముగ్గురినీ వేసవిలోనే ఖర్చుచేసినవారు తర్వాత పక్కవాళ్ళ కోతలు చూస్తూ కూచోవలసిందే. 4 లీరాలిచ్చి కొత్త పనివాణ్ణి తెచ్చుకోవడం తొలి రెండేళ్ళలోనే జరగాలి. ఎంత ముందొస్తే అంత ఎక్కువ కాలం పనిచేస్తాడు. మొదటి ముగ్గురిలో ఒకడు పెద్దపనివాడు. నిండిపోయిన చోటికి కూడా వెళ్ళగలడు. వాణ్ణి శీతాకాలానికి అట్టేపెట్టుకోవాలి.

ఓపికకూ ఫలముంది. కోసిన పళ్ళూ, నిలవచేసిన వైనూ ఏడాదికొక మెట్టు విలువ పెరుగుతాయి. అయితే చిన్న నేలమాళిగలో వైను 3 దాటదు. ఆపైన మధ్యరకం మాళిగ కట్టుకోవాలి.

డబ్బు చాలకపోతే? ఖాళీ పొలం అమ్మవచ్చు. మూడు పొలాలకు వరసగా 5, 6, 7 లీరాలు. కావాలంటే అదే ధరకు మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఈ నియమం చదివి వినిపించిన రోజున అత్తగారు, "అదే ధరకా?" అని రెండుసార్లు అడిగారు. మావారి చదువుకోసం ఊళ్ళో అమ్మిన ఎకరం మళ్ళీ చేతికి రాలేదు.

తొలి ఏడు పొలం అమ్మడం మంచి ఎత్తే. తిరిగి కొన్నందుకు మాత్రం పాయింట్లు రావు. నాటే పని లేకపోతే ఆ డబ్బు దండగ. అయినా ఆవిడ ప్రతి ఆటలోనూ చివరి ఏడు ఆ పొలం విడిపించుకుంటారు. ఆ ఎత్తు మీకు నేర్పను. ఆవిణ్ణి వారించనూ వారించను.