కన్నీరు మదనపల్లె మీదుగా వచ్చింది

పెళ్ళి సంబంధం తప్పిపోయి నాలుగు రోజులు గడ్డం గీసుకోకుండా తిరిగే కుర్రవాణ్ణి చూసి, 'ఏమోయ్ దేవదాసూ!' అని పలకరించని ఊరు తెలుగుదేశంలో వుంటుందా? అలా పలకరించే వాళ్ళందరూ శరత్ బాబు నవల చదివినవాళ్ళు కారు. చాలామంది ఆయన పేరు కూడా విని వుండరు. అయినా ఆ మాట వాళ్ళ నోట ఆడుతూనే వుంటుంది. ఒక వంగ నవలలోని నాయకుడి పేరు మన భాషలో మామూలు మాటగా స్థిరపడిపోయిందంటే, ఆ కథ ఎన్ని కళ్ళు తడిపి వుండాలో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇంతకూ ఈ దేవదాసు తెలుగుదేశానికి ఏ దారిన వచ్చాడు? కలకత్తాలో మెయిలెక్కి తిన్నగా మద్రాసులో దిగాడనుకునేవాళ్ళు కొందరు. 1953లో వెండితెర మీద పుట్టాడనుకునేవాళ్ళు మరికొందరు. నన్నడిగితే మాత్రం, అతను మదనపల్లె మీదుగా వచ్చాడంటాను. ఆ దారి ఎలాంటిదో చూడాలని బుద్ధిపుట్టి, మొన్న తిరుపతిలో దర్శనమయిన మరునాడు పొద్దున్నే మదనపల్లె బస్సెక్కాను.

తిరుపతి బస్సుస్టాండులో జనమంతా కొండవైపు పోయేవారే. మదనపల్లె బస్సులో మాత్రం కాళ్ళు చాపుకునేటంత చోటు దొరికింది. చంద్రగిరి కోట దాటాము. భాకరాపేట కనుమ ఎక్కేసరికి రెండుపక్కలా అడవి కమ్ముకువచ్చింది. పీలేరు, వాయల్పాడు గడిచాక రాళ్ళగుట్టలూ, చింతచెట్లూ, టొమాటో తోటలూ మొదలయ్యాయి. కిందనున్న ఉక్క ఎక్కడికి పోయిందో తెలియదు. కిటికీలోంచి చల్లటి గాలి కొట్టింది. మదనపల్లె సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున వున్నది. ఈ గాలికోసమే ఒకప్పుడు దూరదూరాల నుంచి జనం ఇక్కడికి వచ్చేవారు. విలాసానికి కాదు సుమా, ప్రాణం నిలుపుకోవటానికి!

నా పక్కన కూర్చున్న పెద్దాయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. నేను ఆరోగ్యవరం పోతున్నానని చెప్పగానే నన్ను ఎగాదిగా చూశారు.

"ఎవురికి బాగలేదు సార్?" అన్నారు.

అందరూ బాగానే వున్నారని చెప్పాక ఆయన నవ్వారు. "ఏమీ అనుకోవద్దండి. మా చిన్నప్పుడు ఫలానావాణ్ణి మదనపల్లెకు తీసకపోయినారు అంటే చాలు, రోగం పేరు ఎవురూ అడిగేవాళ్ళు కాదు" అన్నారు.

ఆ రోగం క్షయ. దానికి మందు లేని రోజులవి. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో శానటోరియం ప్రారంభించి, 1915లో దాన్ని ఊరి వెలుపల విశాలమయిన స్థలానికి మార్చాయి. ఆ చోటికే ఆరోగ్యవరమని పేరు. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమట్ మోలర్ దానికి తొలి పెద్ద. స్ట్రెప్టోమైసిన్ అనే మందును అమెరికాలో కనిపెట్టింది 1943లో. అది మన దేశంలో రోగులకు అందటానికి మరికొన్నేళ్ళు పట్టింది. అంతదాకా చికిత్స అంటే ముఖ్యంగా మూడే: కదలకుండా పడుకోవటం, మంచి గాలి పీల్చటం, బలమయిన తిండి తినటం. నెలల తరబడి, కొందరు సంవత్సరాల తరబడి, వరండాలలో మంచాల మీద ఆకాశం చూస్తూ గడిపేవారు.

అలా పడుకున్నవారిలో తెనాలి వైపు నుంచి వచ్చిన యువకుడొకరు వున్నారు. పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. పుట్టింది 1908లో. మదనపల్లె వచ్చింది 1932 ప్రాంతంలో. తోటి రోగులలో ఒక బెంగాలీ వుంటే, ఆయన దగ్గర కూర్చుని బెంగాలీ నేర్చుకున్నారు. ఆ తెనాలి యువకుణ్ణే మనం చక్రపాణి అని పిలుస్తాము. జబ్బు నయమయి ఇంటికి పోతూ ఆయన మదనపల్లె నుంచి ఒక భాష పట్టుకుపోయారు. ఆ భాషలోంచి శరత్ బాబు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి తెలుగులోకి దిగాయి. దిగటమంటే మామూలుగా దిగలేదు. పార్వతీ, చంద్రముఖీ మన వీధిలోని ఆడపిల్లల్లాగా మాట్లాడారు. శరత్ తెలుగువాడేననుకున్న పాఠకులు వుండేవారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ తరువాత విజయవాడలో దేశి కవితామండలి వారు శరత్ సాహిత్యాన్ని సంపుటాలుగా అందించి ఇంటింటికీ చేర్చారు.

ఇంకొక చిత్రం చూడండి. చక్రపాణిగారికి పదమూడేళ్ళ ముందే వంగదేశం ఒకసారి మదనపల్లెకు వచ్చి వెళ్ళింది. 1919 ఫిబ్రవరి ఆఖరులో రవీంద్రనాథ్ ఠాకూరు ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో బసచేసి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ సంగతి పలకల మీద చెక్కారు, పుస్తకాలలో రాశారు. రోగి మంచం పక్కన అక్షరాలు దిద్దించిన ఆ పేరు తెలియని బెంగాలీకి మాత్రం పలకా లేదు, పూలమాలా లేదు. తెలుగు ఆడవాళ్ళ కొంగులు తడిసిన లెక్క చూస్తే, ఆయన చేసిన పని తక్కువదేమీ కాదు.

ఇప్పుడు ఆరోగ్యవరం అన్ని రోగాలకూ వైద్యం చేసే ఆసుపత్రి. చెట్లనీడన నడుస్తూ పోతే ఎక్కడా తొందర కనిపించలేదు. బెంచీ మీద ఒక ముసలామె ఇడ్లీ పొట్లం విప్పి మనుమడికి తినిపిస్తోంది. చావుకు పేరుపడిన చోటు ఇంత నెమ్మదిగా వుంటుందని నేననుకోలేదు.

దేవదాసు కథ తెలియనివారు వుండరు గాని, నవల చివరి పేజీ గుర్తున్నవారు తక్కువ. సినిమా మనసులో నిలిచిపోయి దాన్ని కప్పేసింది. పార్వతికిచ్చిన మాట నిలుపుకోవటానికి దేవదాసు జబ్బుతోనే ఆమె ఊరుచేరి, వాకిట చెట్టుకింద దిక్కులేకుండా ప్రాణం విడుస్తాడు. అప్పుడు శరత్ బాబు కథ ఆపి పాఠకుడి వైపు తిరుగుతారు. చావు అందరికీ వచ్చేదే; అయితే పోయేవేళ నుదుటి మీద ఒక ఆత్మీయమయిన చెయ్యి పడాలి, తనకోసం తడిసిన ఒక కన్నయినా చూసి పోవాలి, ఆ పాటి అదృష్టం ఎవరికీ తప్పిపోకూడదు. ఆయన కోరిక ఇదీ. ఈ నవలను యవ్వనంలో రాసి, అచ్చువేయించటానికి ఆయన చాలాకాలం వెనకాడారని ప్రతీతి. అది పుస్తకంగా వచ్చింది 1917లో.

అయినవాళ్ళకు దూరంగా వరండాలలో పడుకున్న రోగులకు ఆ పేజీ ఎలా వినిపించి వుంటుంది? ఆరోగ్యవరం చెట్లకింద నాకు తోచిన ప్రశ్న ఇది. దానికి జవాబు చిత్తూరులో దొరుకుతుందని అప్పటికి నాకు తెలియదు.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా చిత్తూరు చేరాను. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా ఈ ఊళ్ళన్నీ ఒకే చిత్తూరు జిల్లా. అరవదేశపు సరిహద్దు కావటంచేత ఇక్కడివారిలో చాలామందికి రెండు భాషలూ వచ్చు. 'దేవదాసు' చిత్రం 1953 జూన్ 26న తెలుగులో విడుదలయింది. అదే ఏడు తమిళంలోనూ వచ్చింది. రెండింటా నాగేశ్వరరావు, సావిత్రి నటించారు. జూన్ నాటికి చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే వున్నది; అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది. కనుక ఈ జిల్లావారు ఒకే దేవదాసు కోసం రెండు భాషల్లోనూ ఏడవగలిగిన అదృష్టవంతులు!

నేను దిగిన ఇంట్లో మిత్రుడి తల్లిగారున్నారు. ఎనభై దాటిన మనిషి. నేను వచ్చిన పని విని, మనుమరాలిని పిలిచి అలమరలోంచి ఒక పాత పుస్తకం తెప్పించారు. అట్ట ఊడి, వేరే కాగితం అతికించి వుంది. పేజీల అంచులు పొగచూరి వున్నాయి.

"పొయ్యికాడ చదివేదాన్ని నాయనా. అత్తగారు నిద్రపోయినాక దీపం పెట్టుకుంటే అడిగేవాళ్ళు. పొయ్యి ముందర కూసుంటే ఎవురూ అడగరు. కండ్లలో నీళ్ళొస్తే పొగ అని చెప్పొచ్చు" అన్నారామె.

మనుమరాలు తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఆ అమ్మాయి ఊరుకోలేదు.

"అవ్వా, వాని కోసరం ఏడ్చేదేముంది? నాయనకు ఎదురుచెప్పే ధైర్యం లేదు. వద్దని జాబు రాసినాడు. మళ్ళా వచ్చి ఆ పిల్లనే కట్టెతో నుదుటి మీద కొట్టినాడు. తాగి తాగి చచ్చినాడు. పుస్తకమంతా చదివితే నాకు కోపమొచ్చింది గానీ కన్నీళ్ళు రాలేదు" అంది.

నేను ముసలామె కోప్పడతారేమో అనుకున్నాను. ఆమె తల ఊపారు.

"నువ్వు చెప్పేది నిజమే. నేను మాత్రం వాని కోసరం ఏడిస్తినా ఏమి?" అన్నారు. కొంచెంసేపు పుస్తకం అంచు నిమురుతూ కూర్చున్నారు. "మా పెద్దన్న మదనపల్లెలోనే పోయినాడు నాయనా. జాబు వచ్చినప్పుడు నేను నెలలు నిండి ఉంటిని. ఆ రోగముండే చోటికి పోగూడదని వాకిలి దాటనీలేదు. ఎవురిదీ తప్పు గాదులే, కడుపులో బిడ్డ గదా. ఆ మరుసటేడు ఈ బుక్కు దొరికింది. కడాకు ఆ పార్వతమ్మ బయటికి పరుగెత్తుతుంది చూడు, అక్కడ ఆమెను పట్టుకొని ఆపుతారు. అది చదివి పుస్తకం మూసేస్తిని. ఆ పొద్దు మూడుపూటలా పొగే నాకు."

అమ్మాయి ఏమీ అనలేదు. అవ్వ పక్కన జరిగి కూర్చుంది.

కన్నీటి నవలలంటే తేలికగా మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ వున్నారు. పోనీ ఇది మన బలహీనతేనా అంటే అదీ కాదు. 1774లో జర్మనీలో గెటే మహాకవి వెర్తర్ అనే భగ్నప్రేమికుడి కథ రాస్తే, కుర్రవాళ్ళు అతనిలాగే నీలం కోటూ పసుపుపచ్చ వెస్టుకోటూ తొడుక్కుని ఊరేగారు. మరుసటి ఏడు లైప్జిగ్ నగరంలో ఆ పుస్తకం అమ్మకాన్నీ, ఆ వేషాన్నీ నిషేధించారు. మనవాళ్ళు గడ్డం పెంచి, పక్కన కుక్కను కూర్చోపెట్టుకోవటంతో సరిపెట్టుకున్నారు. నయం గదా!

పైకి కనిపించే వేషం వేరు, పొయ్యి దగ్గర కారే కన్నీరు వేరు. వేషం వేసేవాడు తనను దేవదాసు అనుకుంటాడు. ఏడ్చేవారికి దేవదాసుతో పనే లేదు. ఇంట్లో పైకి ఏడవటానికి వీలులేని ఏడుపొకటి లోపల వుంటుంది. ఎవరో పరాయి దేశపు మనిషి పేరుమీద దాన్ని బయటికి పంపుకుంటారు. చిత్తూరు అవ్వగారు చెప్పింది ఇదే. ఆ అమ్మాయి కోపం కూడా నిజమయిన పాఠకురాలి కోపమే. కొట్టినవాడి కోసం ఏడవనని చెప్పటానికి ఆమెకు పొగ అడ్డం పెట్టుకోవలసిన అవసరం లేదు. ఆ మేరకు కాలం మంచిదే అయింది.

చక్రపాణిగారి సంగతి ఒక ముక్క చెప్పాలి. ఇన్ని కన్నీళ్ళు తెచ్చిపెట్టిన ఆయనే 1947లో పిల్లలకు 'చందమామ' ఇచ్చారు. నాగిరెడ్డిగారితో కలిసి 1955లో 'మిస్సమ్మ', 1962లో 'గుండమ్మ కథ' ఇచ్చి తెలుగువాళ్ళను కడుపుబ్బ నవ్వించారు. 1975లో కన్నుమూశారు. చావు మంచం పక్కన నిలబడి చూసి, తప్పించుకుని వచ్చిన మనిషికే నవ్వు విలువ తెలుస్తుంది కాబోలు.

తిరుమల పోయే పాఠకులు తిరుగుదారిలో ఒక పూట మిగుల్చుకోగలిగితే మదనపల్లె పోయిరండి. తిరుపతి నుంచి బస్సులు తరచుగా వున్నాయి. హార్సిలీ కొండ చూడటానికి ఎటూ ఆ ఊరిమీదుగానే పోతారు. దారిలో ఆరోగ్యవరం చెట్లకింద కాసేపు ఆగండి. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు పాత పుస్తకం దాచుకుని వుంటే, ఎందుకు దాచుకున్నారని ఒక్కసారి అడగండి. అడిగి, పక్కన కూర్చోండి.