కొత్త విండోస్, పాత డిస్క్

"మొన్న విండోస్ 11 ఎక్కించినప్పటి నుంచీ సిస్టమ్ బాగా స్లో అయిపోయింది అన్నా."

"ఫార్మాట్ కొట్టేద్దాం. సాయంత్రం వచ్చి తీసుకెళ్లు."

ఏ ఊళ్లో కంప్యూటర్ రిపేరు షాపు ముందు నిలబడ్డా ఈ మాటలు చెవిన పడతాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దానికి అటూ ఇటూగా ఎన్నో ఇళ్లలో ల్యాప్‌టాప్‌లు 11కి మారాయి. కొన్ని నిక్షేపంలా నడుస్తున్నాయి. కొన్ని మాత్రం పవర్ బటన్ నొక్కి, కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా చుక్కలు తిప్పుతూనే ఉన్నాయి. ఫార్మాట్ కొడితే కొన్నాళ్లు హుషారుగా ఉండొచ్చు. కానీ అసలు ఎందుకు స్లో అయిందో ఎవరూ చూడలేదు, చూసే ఓపికా లేదు.

అప్‌గ్రేడ్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల నత్తనడకను లెక్కలోకే తీసుకోకూడదు. కొత్తింట్లో దిగినవాళ్లు ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నట్టే, విండోస్ కూడా ఫైళ్లకు ఇండెక్స్ తయారు చేసుకుంటుంది, డ్రైవర్లు దించుకుంటుంది, స్టోర్ యాప్‌లను అప్‌డేట్ చేసుకుంటుంది. ఛార్జర్ తగిలించి, నిద్రలోకి జారుకోకుండా సెట్టింగ్ మార్చి, ఒక రాత్రి ఆన్‌లో వదిలేస్తే ఇందులో చాలావరకు సర్దుకుంటుంది. సి డ్రైవ్‌లో ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్ ఒకటి తిష్ఠ వేసి ఉంటుంది. చోటు తినేస్తోందని దాన్ని వెంటనే తుడిచేయకూడదు. కొత్తది నచ్చక 10 రోజుల్లోపు పాత విండోస్‌కి వెళ్లిపోవాలనుకుంటే దారి అదొక్కటే.

రెండు రోజులైనా దారికి రాకపోతే అప్పుడు చూడాల్సింది టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలుంటాయి. ఎవరి మీద భారం పడుతోందో ఆ అంకెలే చెబుతాయి. సీపీయూ పదో పదిహేనో శాతం దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంటే, పక్కనే డిస్క్ గడి 100 శాతం చూపించడం పాత ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే దృశ్యం.

దానికి కారణం ఉంది. విండోస్ 11 పెట్టిన షరతుల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 ఉన్నాయి. ఆ స్టోరేజీ హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీయా అన్న పట్టింపు మాత్రం లేదు. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్‌తో మన దగ్గర అమ్ముడైన ల్యాప్‌టాప్‌లు కాగితం మీద పాసయ్యేది అందుకే. వాటిలోని డిస్క్ ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం. లోపలి సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగి, కావాల్సిన ముక్క తిరిగొచ్చే దాకా ఆగాలి కాబట్టి సెకనుకు సుమారు వంద చోట్లకు మించి వెతకలేదు. తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ అదే సెకనులో వేల చోట్ల వెతుకుతుంది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ మిగతా సరుకును డిస్క్ మీదికే తోస్తుంది. అంటే చిన్న ర్యామ్ భారం కూడా చివరికి ఆ సూది మీదే పడుతుంది.

ర్యామ్‌ని ఎక్కువగా మింగేది బ్రౌజరే. జీమెయిల్, వాట్సాప్ వెబ్, బ్యాంకు పేజీ, రెండు ఈ-పేపర్లు, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన యూట్యూబ్ పాట... ఇలా వేర్వేరు సైట్లను క్రోమ్ వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతుంది. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక సైట్ల మధ్య ఈ అడ్డుగోడల్ని ఇంకా గట్టిగా కట్టారు. దానివల్ల మెమరీ ఖర్చు 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే ఒప్పుకుంది. బ్యాంకు పాస్‌వర్డ్ పక్క ట్యాబ్‌కి దొరక్కుండా ఉండటానికి ఆ మాత్రం ఇచ్చుకోవచ్చు. ఇచ్చుకోనక్కర్లేనిది ఎక్స్‌టెన్షన్ల ఖర్చు. నెమ్మదించిన పేజీనే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. అక్కడ ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు. అందులో చకచకా వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఏ ట్యాబ్ ఎంత తింటోందో క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే విడివిడిగా కనిపిస్తుంది.

వీడియో మాత్రమే ఆగి ఆగి ఆడుతూ, ఫ్యాను హోరెత్తుతుంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ పేరు చూడాలి. అక్కడ ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌గ్రేడ్‌లో జారిపోయిందన్నమాట. గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన చాకిరీ ప్రాసెసర్ నెత్తిన పడుతోంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి సరైన డ్రైవర్ దించుకుంటే సరి.

తప్పు వాడేవాడిది కాని సందర్భాలూ ఉన్నాయి. 2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చిన కొత్తలో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో క్యాష్ మెమరీ మందగించి, కొన్ని గేములు 10 నుంచి 15 శాతం దాకా నెమ్మదించాయి. కంపెనీలు ఆ సంగతి ఒప్పుకుని ఆ నెలలోనే సవరణలు పంపాయి. అలాంటప్పుడు ఇంట్లో ఎన్ని ఫార్మాట్లు కొట్టినా దండగే.

‘ఒక్క క్లిక్‌తో వేగం’ అనే క్లీనర్ సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. ఖాళీ ర్యామ్‌ని విండోస్ ఊరికే ఉంచదు, మళ్లీ కావాల్సిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. దాన్ని బలవంతంగా ఖాళీ చేయిస్తే వాటిని తిరిగి డిస్క్ నుంచే తెచ్చుకోవాలి.

డబ్బు పెట్టేట్టయితే ముందు ఎస్ఎస్‌డీకి, ఆ తర్వాతే ర్యామ్‌కి పెట్టాలి. కొనేముందు ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు చెప్పి అందులో ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఉంటే అది సాటాదో ఎన్‌వీఎంఈదో అడిగి తెలుసుకోండి. ఒకదానికి బదులు ఇంకొకటి కొంటే పనిచేయకపోవచ్చు.