సంశయము – నిర్ణయము

గత సంవత్సరం ఒక గృహస్థు తన మాతృమూర్తి శస్త్రచికిత్సకు ముహూర్తం అర్థించాడు. విలంబం తగదని వైద్యులు చెప్పినా, నిర్దుష్టమైన లగ్నం కోసం నేను రెండు దినాలు పంచాంగం శోధించాను. ఇంతలో ఆమె స్థితి విషమించింది. ఈశ్వరానుగ్రహం వలన ప్రాణం నిలిచింది.

1978లో నోబెల్ పురస్కారం పొందిన అమెరికా అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ సిద్ధాంతాన్ని తరువాత చదివాను. మానవునికి సమాచారం, కాలం, గణనశక్తి మూడూ పరిమితాలే. కనుక అతడు సర్వోత్తమమైన దాని కొరకు అంతులేకుండా అన్వేషింపడు. తన ప్రయోజనానికి చాలినది లభించగానే ఆగుతాడు.

న్యాయదర్శనంలోని షోడశ పదార్థాలలో సంశయం మూడవది, నిర్ణయం తొమ్మిదవది. వాటి నడుమ తర్కం ఉన్నది గాని సర్వజ్ఞత్వం లేదు, అది ఈశ్వరునిదే. ఆ రెండు దినాలు నేను పంచాంగంలో వెదకినది దానినే.

ఇప్పుడు ఎవరైనా అట్లా వస్తే, "వైద్యుడు చెప్పిన ఘడియే ముహూర్తం నాయనా, బయలుదేరు, ఆమె పేర సంకల్పం చెప్పి అర్చన నేను చేస్తాను" అంటున్నాను.