పాచి తినే చేపను ఎంచుకునే ముందు

మదనపల్లెలోని మా ఇంట రెండడుగుల అద్దాల తొట్టికి పాచి పట్టినప్పుడల్లా పిల్లలు ఒకే పరిష్కారం చెప్పేవారు: పాచి తినే చేపను తెద్దామని. పుంగనూరులోని ఆపా ఇంట, కుప్పంలోని తమ్ముని ఇంట కూడా ఇదే ప్రస్తావన. అందుకని మూడు కుటుంబాలవారమూ ఎంపికకు ముందు రెండు ప్రశ్నలు పెట్టుకున్నాము. పూర్తిగా ఎదిగాక ఆ చేప ఎంత ఉంటుంది? పాచి అయిపోతే ఏమి తింటుంది?

దుకాణాల్లో సాధారణంగా చూపేది సక్కర్ చేప. వేలెడంత ఉన్నప్పుడు అద్దాన్ని అంటిపెట్టుకొని ముచ్చట గొలుపుతుంది. కాని అడుగుకు మించి పెరుగుతుంది. చైనీస్ ఆల్గీ ఈటర్ పసితనంలో పాచి మేస్తుంది. ఎదిగాక తోటి చేపలను వేధిస్తుంది. సయామీస్ ఆల్గీ ఈటర్ నెమ్మదైనదే గాని, దాదాపు 15 సెంటీమీటర్లకు ఎదుగుతుంది. చిన్న తొట్టికి ఇవేవీ తగవు.

దక్షిణ అమెరికా నదులకు చెందిన ఒటోసింక్లస్ 4, 5 సెంటీమీటర్లకు మించదు, ఏ చేపకూ హాని చేయదు. అయితే అది గుంపుగా జీవించే ప్రాణి; కనీసం ఆరింటిని ఉంచాలి. పాచి పొర ఏర్పడని కొత్త తొట్టిలో ఆకలితో మరణిస్తుంది. పైగా దానికి మృదుజలం హితం. మా బోరు నీరేమో గిన్నెల అడుగున తెల్లని పొర కట్టే కఠిన జలం. కనుక అటువంటి నీటిలోనే హాయిగా బ్రతికే నల్ల మోలీలను ఎంచుకున్నాము. అవి పాచిని కొరికి తింటాయి; అది తగ్గినప్పుడు ఉడికించిన పాలకూర చాలు. విరివిగా పిల్లలు పెడతాయి గనుక మగవాటినే తెచ్చాము.

ఇంతలో ఆపా ఇంట మరొక చిక్కు వచ్చింది. ఎవరో కానుకగా ఇచ్చిన సక్కర్ చేప తొట్టిలో తిరగలేనంత ఎదిగింది. చెరువులో వదిలితే సవాబ్ అని కొందరు సలహా ఇచ్చారు. మేము అంగీకరించలేదు. గట్టి కవచం వంటి చర్మం గల ఆ చేప జాలర్ల వలలను చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తూర్పు కనుమల జలవనరుల్లో అది విస్తరించినట్లు గుర్తించారు. శ్రీశైలం నుండి కృష్ణా జలాలను తెచ్చే హంద్రీ–నీవా కాలువకు పుంగనూరు, కుప్పం శాఖలున్నాయి. ఒక చెరువులో వదిలినది అక్కడే ఆగుతుందన్న భరోసా లేదు. ఒక ప్రాణిపై దయ అనేక ప్రాణులకూ, జాలరి కుటుంబాలకూ నష్టం కాకూడదు. పెద్ద సిమెంటు తొట్టి గల ఒక పెంపకందారునికి దాన్ని అప్పగించాము.

ఏ చేప తెచ్చినా పాచికి మూలం ఎండ, మిగిలిన మేత. ఇప్పుడు మూడు ఇళ్లలోనూ తొట్టిని కిటికీకి దూరంగా జరిపాము. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేస్తాము. వారానికొకసారి పావు వంతు నీరు మారుస్తాము. అద్దంపై మిగిలిన పొరను పిల్లలు స్పాంజితో తుడుస్తారు.