నీళ్ల సంగతి అందరికీ తెలుసు

వినేవాళ్లని మొదటి 30 సెకన్లలోనే పట్టుకోవాలిట. లేకపోతే ఫోను మీద వేలితో ఒక్క తోపు తోసి ఇంకోచోటికి వెళ్లిపోతారుట. పోడ్‌కాస్టులు చెయ్యడం ఎలా అని జరిగిన రెండు రోజుల శిక్షణలో నేను పుస్తకంలో రాసుకున్న మొదటి మాట ఇది. కథలో అన్నిటికన్నా తీవ్రమైన ఘట్టం ఏదో చూసి దాన్ని ముందుకు తెండి, అక్కడ ఆపండి, ఆ తర్వాత నెమ్మదిగా వెనక్కి వెళ్లండి, అక్కర్లేని వివరాలు కత్తిరించండి, మౌనాలు తగ్గించండి అన్నారు. ఇవి పనికిమాలిన మాటలని నేననను. ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పినదాన్ని. భోజనాలయ్యాక కునికిపాట్లు పడే పిల్లల్ని నిలబెట్టడానికి ఇలాంటి ఉపాయాలు నేనూ చాలా చేశాను. నా పేచీ అది కాదు. ఆ తీవ్రమైన ఘట్టం ఎవరి బతుకులోది? దాన్ని పీకి ముందు పెట్టే హక్కు ఎవరికుంది?

గుణదలలో పడవలరేవు దగ్గర మా ఇంటి వెనక గదిలో ముగ్గురం ఆడవాళ్లం కలిసి నెలకొక కథ రికార్డు చేస్తున్నాం. స్టూడియో అంటే నవ్వొస్తుంది. నాలుగు గోడలకీ బొంతలు వేలాడగట్టాం, ఫ్యాను ఆపేస్తాం, చెమటలు కక్కుకుంటూ కూర్చుంటాం. ఇంత చేసినా ఏలూరు రోడ్డు మీది హారన్లూ రైలు కూతా లోపలికి వస్తూనే ఉంటాయి. ఫిబ్రవరిలో 9 నుంచి 11 దాకా మేరీమాత ఉత్సవాలు. ఆ మూడు రోజులూ మైకుల హోరులో రికార్డింగు ఊసే ఉండదు. మాతో మాట్లాడేవాళ్లు ఇళ్లల్లో పనులు చేసేవాళ్లు, కుట్టుపని వాళ్లు, కొండ కింద కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ అమ్ముకునేవాళ్లు.

ఆ కొవ్వొత్తులమ్మే ఒకామె దివిసీమ మనిషి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్లు. ఆ శనివారం పదివేలకు పైచిలుకు ప్రాణాలు పోయాయి. లెక్కకు రానివాళ్లు ఇంకా ఎందరో. ఉప్పెన గురించి చెబుతానని ఆమే వచ్చి కూర్చుంది. తీరా చెప్పడం మొదలుపెట్టింది తమ ఇంటి సంగతి.

తాటాకు ఇల్లు. చూరులో దోపిన కొడవలి. చూరుకి వేలాడే ఎండుచేపల దండ. అంచు సొట్టపడిన ఇత్తడి బిందె, ఆ సొట్ట ఎలా పడిందో, దానికి అమ్మ ఎవర్ని తిట్టిందో. ఉట్టి మీద చల్లకుండ. ఆరు కోళ్లు, అందులో ఒకటి కుంటిది. నులకమంచం ఒకటే, అది నాన్నది. పొయ్యి రెండు కళ్లది, వారానికోసారి అమ్మ అలుకుతుంది, ఆ మన్ను ఎక్కడినుంచి తెస్తుందో కూడా చెప్పింది. ఇలా పావుగంట సాగింది. ఆ తర్వాత, గొంతు ఏమీ మారకుండా, "నీళ్లొచ్చినయ్యి. తెల్లారి చూసుకుంటే తుమ్మచెట్టు మీదున్నా. ఇంకెవరూ లేరు" అంది. అంతే. అక్కణ్ణించి పిన్ని ఇంటికీ, పెళ్లికీ, బెజవాడకీ వచ్చేసింది.

మాకు ఎడిటింగు చేసిపెట్టే అమ్మాయి నా పూర్వ విద్యార్థినే, మంచి పనిమంతురాలు. "మేడమ్, తుమ్మచెట్టు మాటతో మొదలుపెడదాం. సామాన్ల జాబితా రెండు నిమిషాలకి కుదిద్దాం" అంది. శిక్షణ ప్రకారం చూస్తే ఆ అమ్మాయి చెప్పిందే సరైనది. కానీ ఆమెని అడగకుండా ముట్టుకోకూడదని మేం ముందే అనుకున్నాం కనక అడిగాం. ఆమె కొవ్వొత్తుల కట్టలు సర్దుకుంటూ, "నీళ్ల సంగతి అందరికీ తెలుసు కదండీ టీచరమ్మగారూ. మా ఇల్లే ఎవరికీ తెలవదు" అంది.

ఇంతకన్నా గట్టి కథాశిల్ప సూత్రం నాకు ఏ లక్షణగ్రంథంలోనూ కనబడలేదు. ఎక్కడ నిలబడాలో ఎక్కడ దాటెయ్యాలో ఆమె ముందే నిర్ణయించుకుని వచ్చింది. ఒక్కొక్క వస్తువునీ మన కళ్లముందు పెట్టి, మనం ఆ ఇంట్లో కాస్త స్థిమితపడ్డాక, రెండు ముక్కల్లో అంతా తీసేసింది. కుంటికోడి తెలియనివాళ్లకి తుమ్మచెట్టు ఏం తెలుస్తుంది? మనం 'అక్కర్లేని వివరం' అంటున్నది ఆడవాళ్ల కథల్లో తరచు కథే అయి కూర్చుంటుంది. బిందెలూ పొయ్యిలూ జాబితాలుగా కనబడేది వాటిని ఎప్పుడూ తోమనివాళ్లకీ అలకనివాళ్లకీ.

చెవితో కథ వినడం మన ఊరికి కొత్తేమీ కాదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఉషశ్రీగారు రామాయణ భారతాలు చెబుతుంటే ఒక్క రేడియో చుట్టూ నలుగురిళ్ల వాళ్లు చేరడం నేను చూశాను. వి.బి. కనకదుర్గగారి గొంతు రేడియో నాటకంలో వినబడితే మా అమ్మ తిరగమోత కూడా ఆపేది. అయితే ఒకటి గమనించండి. ఇతిహాసం చెప్పే గొంతు మగవాళ్లది, మనకి మిగిలింది పాత్రల గొంతూ స్త్రీల కార్యక్రమమూ. నడివీధిలో పందిట్లో నిలబడి కథని తామే నడిపిన ఆడవాళ్లు అంతకుముందే ఉన్నారు. 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరు ఉదయంగారు ఆడవాళ్ల దళం కట్టి బుర్రకథ చెప్పారు.

బుర్రకథ పేరెత్తాను కనక వంతల మాట కూడా చెప్పాలి. కథకురాలు ఒక్కతే చెప్పదు. పక్కన ఇద్దరుంటారు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. వాళ్లు అడ్డు తగులుతారు, అడుగుతారు, ఔనంటారు. వినడమనే పనిని కథలోనే అమర్చి పెట్టారన్నమాట. ఇళ్లల్లో అయితే దానికి 'ఊ' చాలు. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ సాగదని ఏ అమ్మమ్మైనా చెబుతుంది. శిక్షణలో మాత్రం ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే శబ్దం చెయ్యొద్దు, తల ఊపండి చాలు అన్నారు. కొవ్వొత్తులమ్మే ఆమె ముందు తల ఊపుతూ కూర్చుంటే మూడో నిమిషంలోనే ఆగి, "వింటున్నారా?" అంది. అప్పట్నించీ మాలో ఒకరం పక్కనే కూర్చుని ఊ కొడతాం. ఆ ఊ కోసం విడిగా ఒక మైకు పెట్టాం, కత్తిరించం. చిరాగ్గా ఉందని ఒకాయన రాశారు. ఉంటుంది, మరి.

ఇంగ్లీషులో పోడ్‌కాస్టుకి పెద్ద పేరు తెచ్చిన 'సీరియల్' 2014లో వచ్చింది. సారా కోనిగ్ చెప్పే తీరు చాలా బాగుంటుంది, వారం వారం ఉత్కంఠతో ఎదురుచూసేలా చేసింది, నేను కూడా 12 భాగాలూ వదలకుండా విన్నాను. 1999లో బాల్టిమోర్‌లో హత్యకి గురైన 18 ఏళ్ల హే మిన్ లీ గురించి కదా అది! ఆ పిల్ల డైరీ చదివి వినిపించారు. ఎవరు చంపారన్న ప్రశ్నలో పడి ఆ పిల్ల ఎవరన్నది నాకు పెద్దగా గుర్తులేకుండా పోయింది. ఉత్కంఠకి ఇలాంటి గుణం ఒకటుంది.

'మనకు తెలియని మన చరిత్ర' గురించి ఈ పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని రికార్డు చేసి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ఆ పుస్తకంలో చాలామంది తుపాకుల కన్నా పురుళ్ల గురించి, వదిలేసి వచ్చిన పసిపిల్లల గురించి మాట్లాడారు. వాళ్లనీ ఎవరైనా 30 సెకన్ల లెక్కతో కూర్చోబెట్టి ఉంటే తుపాకులే మిగిలేవి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు నడిపే సంగం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టింది. విత్తనాల ముచ్చట్లు, పాటలు, పొలం పనులు. వినేవాళ్లని ఎలా పట్టుకోవాలన్న బెంగ వాళ్లకి ఉన్నట్టు నాకు తోచదు. చెప్పేదీ వినేదీ ఆ ఊళ్ల ఆడవాళ్లే.

మాది అలాంటి సౌకర్యం కాదు. మా కథలు వినేవాళ్లు ఎక్కడో బస్సుల్లో, వంటిళ్లల్లో, దూరదేశాల్లో ఉంటారు, వాళ్ల మొహాలు మాకు కనబడవు. కనబడేదల్లా ఒక గీత, ఏ నిమిషంలో ఎంతమంది దిగిపోయారో చూపించే గీత. ఆమె కథని ఆమె చెప్పిన వరసలోనే పెట్టాం. మొదట్లో గీత కిందికి జారింది. చల్లకుండ దాకా వచ్చినవాళ్లు మాత్రం పెళ్లి దాటేదాకా ఉన్నారు. ఎడిటింగు అమ్మాయి ఆ గీతని చాలాసేపు చూసి, మొదట్లో వెళ్లిపోయినవాళ్ల గురించి తనకింకా బాధగానే ఉందంది. అది న్యాయమైన బాధే. ఆ వాదన మా మధ్య ఇంకా తెగలేదు.

అది తన ఫోనులో విని మొన్న ఆమె మళ్లీ వచ్చింది. ఒక చేట ఉండేదట, వెదురుది, పేడతో అలికినది, చెప్పడం మర్చిపోయిందట. ఎక్కడ పెట్టమంటారని అడిగాం. బిందె తర్వాత, కోళ్లకి ముందు అంది. ఫ్యాను ఆపేశాం.