రూపాయి బిళ్ల మందం

మిగ్-21 రెక్కలు నేలకు సమాంతరంగా ఉండవు. రెండు డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. ఈ సంగతి మొన్నటి దాకా నాకు తెలియదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒక తప్పుల తడక ప్లాస్టిక్ కిట్ నేర్పింది నాకు!

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన మిగ్-21లకు వీడ్కోలు పలుకుతుంటే కాశీబుగ్గలో మా టీవీ ముందు కూర్చుని కళ్లార్పకుండా చూశాను. 1963లో చేరిన విమానం, 62 ఏళ్లు కొలువు చేసింది. అది చివరిసారి దిగుతుంటే గొంతు పట్టేసింది. ఆ రాత్రే ముక్కలు అతికించి కట్టుకునే 72వ వంతు స్కేలు మిగ్-21 బొమ్మ కిట్ ఒకటి ఆర్డరు పెట్టాను. ఆ లెక్కలో ఆరడుగుల మనిషి అంగుళమవుతాడు. ఏడు మీటర్ల పైచిలుకు రెక్కల వెడల్పు పది సెంటీమీటర్లకు వచ్చేస్తుంది. నిజం యుద్ధ విమానం అరచేతిలో కూర్చుంటుంది!

కిట్ రాగానే పెట్టె మూత తీశాను. చట్రానికి కాయల్లా వేలాడుతున్న ముక్కలు. ఎడమ రెక్క వేగిన అప్పడంలా వంకర తిరిగింది. విమానం దేహం రెండు చెక్కలూ కలిపితే మధ్యలో గోరు దూరేంత సందు. ప్రతి ముక్క అంచునా పల్చటి ప్లాస్టిక్ పొర. బ్లేడుతో ఆ పొర తియ్యబోతే ముక్కే తెగేలా ఉంది.

మా చిన్నమ్మ జీడిపప్పు బట్టీలో పప్పు ఒలుస్తుంది. పని నుంచి వస్తూ ఆగింది.

“ఏట్రా గుంటా అది?”

“విమానం, చిన్నమ్మా.”

కాసేపు తేరిపార చూసి, నడుముకున్న సంచిలోంచి తన చిన్న కత్తి తీసింది. మా పలాసలో పప్పు విరిగితే రేటు పడిపోతుంది. గుండు పప్పు బద్దయిందంటే ఆ మేరకు నష్టమే. ఏళ్ల తరబడి ఆ లెక్క తెలిసిన వేళ్లు అవి. కత్తి కదిలినట్టే లేదు, పొర మాత్రం దారంలా ఊడి వచ్చింది. “పొరే తియ్యాల. పప్పుకి తగలకూడదు” అంది. ఆ ఒక్క మాటతో నా చేయి కుదురుకుంది. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ముక్కలన్నీ ఒలిచేశాం.

ఇక అక్కణ్నుంచి ప్రతి తప్పూ ఒక తలుపే! ముక్కు దగ్గరి శంకువు ఒక పక్కకు ఒరిగి ఉంది. సరిచెయ్యాలంటే అది అసలెందుకుందో తెలియాలి కదా. విమానం ధ్వనిని మించిన వేగంతో పోతున్నప్పుడు ఎదురొచ్చే గాలి అదే వేగంతో ఇంజనులోకి దూరకూడదట. ఈ శంకువు ముందుకూ వెనక్కూ జరుగుతూ గాలిని అదుపు చేసి, వేగం తగ్గించి లోపలికి పంపుతుంది. రాడార్ కూడా అందులోనే! ఒక్క మొనలో ఇంత ఆలోచన.

ఆ ఇంజను సంగతి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ సంస్థ మిగ్-21 దేహాన్ని నాసిక్‌లోనూ, ఎలక్ట్రానిక్ పరికరాలను హైదరాబాదులోనూ తయారుచేస్తే, ఇంజనును ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో తయారుచేసింది. మా దగ్గరి మహేంద్రగిరి కొండ ఏ తూర్పు కనుమల్లో ఉందో ఆ కనుమల్లోనే ఉంది సునాబెడ. ధ్వనికి రెట్టింపు వేగంతో దూసుకుపోయిన విమానానికి గుండె మా కొండల వరసలోనే తయారైందన్నమాట!

సందులకు లప్పం కావాలి. ఫెవిక్విక్‌లో ముఖానికి రాసుకునే పౌడరు కలిపితే లప్పంలా తయారై గట్టిపడుతుంది. దాన్ని నీళ్లలో తడిపిన ఉప్పుకాగితంతో రుద్దాలి. రుద్దడం, వేలితో తడమడం, మళ్లీ రుద్దడం. కంటికి కనిపించని గీత వేలికి తెలుస్తుంది. మూడో రోజు రాత్రి వేలు ఆ అంచు నుంచి ఈ అంచుకు ఎక్కడా తగలకుండా జారిపోయింది. ఆ జారడంలోని సుఖం ఒకసారి రుచి చూడండి!

రాకెట్ గొట్టాల మూతికి రంధ్రాలే లేవు, నున్నగా మూసేసి ఉన్నాయి. ఒక్కో గొట్టానికి 16 ఉండాలి. సూది మొన కాల్చి ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ పొడిచాను. 1971 యుద్ధంలో, డిసెంబరు 14న ఢాకాలో తూర్పు పాకిస్తాన్ గవర్నరు భవనం మీద మిగ్-21లు వదిలినవి ఈ 57 మిల్లీమీటర్ల రాకెట్లే. ఆ రోజే గవర్నరు రాజీనామా రాశాడు. రెండు రోజులకు పాక్ సేన లొంగిపోయింది. చివరి రంధ్రం పొడిచేసరికి ఆ రోజు నా వేలి కొనల్లో ఉంది.

ఇక రెక్కలు. వంకర రెక్కను వేడినీళ్లలో ముంచి, గాజు పలక కింద పెట్టి సాపు చేశాను. కిట్ గాడిలో దూర్చితే రెండూ పైకి లేస్తున్నాయి. రెండు డిగ్రీల వాలు ఈ స్కేలులో ఎంతని లెక్కేస్తే కొన దగ్గర మిల్లీమీటరున్నర, దాదాపు ఒక రూపాయి బిళ్ల మందం! రెక్క మొదట్లో కింద రూపాయి బిళ్ల పెట్టి, కొనను బల్లకు ఆనించి అతికించాను. అంతే, బొమ్మ పోయి విమానం వచ్చింది. పంజా బిగించిన డేగ భుజాల్లా ఉన్నాయి ఆ రెక్కలు. మర్నాడు టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళితే, చెరువు మీదికి దిగుతున్న పెలికాన్ల రెక్కల వాలే చూస్తూ నిలబడిపోయాను. ఏటా వస్తున్న పక్షులే. నా కళ్లే కొత్తవి.

చివరి తప్పు చక్రాలు పెట్టాక బయటపడింది. వదిలితే చాలు, విమానం తోక మీద కూలబడుతోంది. ముక్కులో బరువు పెట్టమని కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా రాయలేదు. భావనపాడులో మావయ్య వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి చెబితే “ఎన్ని కావాల?” అని వలకు కట్టే సీసం గుళ్లు మూడు చేతిలో పోశాడు. శంకువు ఇంకా అతికించలేదు, అదృష్టం. వాటిని దాని వెనక కుక్కి, జిగురు పెట్టి, ఆ రాత్రంతా కదపలేదు.

ఆదివారం ఉదయం చిన్నమ్మను పిలిచి, అరుగు మీద విమానాన్ని దించి చేతులు వెనక్కి తీసుకున్నాను. నిలబడింది. మూడు చక్రాల మీద, వెండి రంగులో మెరుస్తూ! చిన్నమ్మ వంగి, పప్పు నాణ్యం చూసినట్టు దేహం పొడవునా వేలితో ఒకసారి నిమిరింది.

“అతుకెక్కడ్రా?” అంది.